గది బాగోలేదు సరే, ముహూర్తానికి ఎందుకు రాలేదు?

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. చాలా వివరంగా రాశారు. మనుషులను గుర్తుపట్టే సంగతులు తీసేసి, కుదించి చెబుతున్నాను.

మొన్న వైశాఖంలో విజయవాడలో ఆవిడ పిన్ని కూతురి పెళ్లి జరిగింది. పోరంకి వైపు కల్యాణ మండపం, రాత్రి 2 గంటల 40 నిమిషాలకు ముహూర్తం. "పెళ్లికూతురి పక్కన నువ్వే ఉండాలి" అని పిన్ని నెల ముందే చెప్పింది. భర్త, ఇద్దరు పిల్లలు, డెబ్బై దాటిన అత్తగారితో కలిసి ఆవిడ రత్నాచల్‌లో దిగేసరికి సాయంత్రం ఏడు దాటింది. బంధువుల కోసం బాబాయి గవర్నర్‌పేటలో ఒక హోటల్లో పన్నెండు గదులు తీసుకున్నారు. ఆ హోటల్ నడిపేది బాబాయి స్నేహితుడే.

వీళ్లకు మూడో అంతస్తులో ఒక గది ఇచ్చారు. లిఫ్టు పనిచేయడం లేదు. మోకాళ్ల నొప్పులున్న అత్తగారు గోడ పట్టుకుని, మలుపు మలుపుకీ ఆగుతూ ఎక్కారు. ఆ మెట్ల మీద కూడా పైదాకా ఒక పక్కంతా పరుపులు, ఉతకాల్సిన దుప్పట్ల మూటలు పేర్చి ఉన్నాయట. గోడకు ఏసీ ఉంది గానీ రిమోట్ లేదు. రెండుసార్లు అడిగితే ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేసిన రిమోట్ ఒకటి తెచ్చిచ్చారు, అందులో బ్యాటరీలు లేవు. బకెట్ నిండడానికి పావుగంట పట్టింది. పదిన్నరకు కరెంటు పోయింది. జనరేటర్ మీద ఒక్క లైటు మాత్రం వెలిగింది. అత్తగారు తువ్వాలు తడిపి చిన్నవాడి ఒంటి మీద వేసి, శుభలేఖతో విసురుతూ కూర్చున్నారు. భర్త కిందికి వెళ్లి అడిగితే రిసెప్షన్‌లో కుర్రాడు, "మీవాళ్లు మాట్లాడుకున్నది నాన్ ఏసీ రేటుకే సార్. ఏసీ కావాలంటే ఎక్స్‌ట్రా అవుతుంది" అన్నాడు.

ఆ మాటతో ఆయనకు ఒళ్లు మండిపోయింది. మగపెళ్లివారికి బెంజి సర్కిల్ దగ్గర పెద్ద హోటల్ ఇచ్చారని అప్పటికే చెవిన పడింది. ఎవరికీ చెప్పకుండా సామాన్లు సర్దించి, ఏలూరు రోడ్డులో మరో హోటల్ చూసుకుని, రెండు గదులకు తొమ్మిది వేల చిల్లర కట్టి అందరినీ దించారు. స్నానాలయ్యేసరికి పన్నెండు దాటింది. కాసేపు నడుం వాల్చి బయల్దేరదామని ఆవిడ అలారం పెట్టుకున్నారు. "వెళ్లకపోతే ఏమవుతుందిలే" అని ఆయన అటు తిరిగి పడుకున్నారు. మెలకువ వచ్చేసరికి నాలుగున్నర. సైలెంట్‌లో ఉన్న ఫోన్లో పెళ్లికూతురి అన్న చేసిన మిస్డ్ కాల్స్ వరసగా ఉన్నాయి. మండపానికి చేరేసరికి అప్పగింతలు జరుగుతున్నాయి.

అక్కడితో అయిపోలేదు. టిఫిన్ల దగ్గర ఎవరో "రాత్రి కనపడలేదేం?" అని అడిగితే, "వియ్యాలవారికి పెద్ద హోటల్, మాకేమో నాన్ ఏసీ రేటు గది" అని ఆయన గట్టిగానే అన్నారు. రెండు కుర్చీల అవతల బాబాయి ఉన్నారు. పిన్ని మాత్రం వీళ్లు బయల్దేరేటప్పుడు ఒక్క మాటే అంది: "గది బాగోలేకపోతే మనింటికొచ్చి పడుకోవాల్సింది. ముహూర్తానికి ఎందుకు రాలేదే?" అప్పట్నుంచి ఫోన్ లేదు. మధ్యలో అమ్మ, "నా చెల్లెలికీ నాకూ మాటల్లేకుండా చేశారు" అని ఏడుస్తోంది.

ఆవిడ అడిగేది ఇదీ. హోటల్ మీద ఫొటోలతో సహా రివ్యూ పెడతానని, కట్టిన డబ్బు వసూలు చేస్తానని భర్త పట్టుబడుతున్నారు. పెట్టనివ్వాలా? పిన్నికి క్షమాపణ చెబితే తప్పంతా మాదేనని ఒప్పుకున్నట్టు కాదా? బాబాయి నిజంగానే మాకు తక్కువ రేటు గది మాట్లాడారా, ఆ మాట అడిగేదెలా?

ఇక నా జవాబు.

మీ ఉత్తరంలో హోటల్ గురించి రెండు పేజీలున్నాయి. ముహూర్తం తప్పిన సంగతి నాలుగు లైన్లలో అయిపోయింది. ఇదే ఉత్తరం మీ పిన్ని రాస్తే లెక్క తారుమారయ్యేది. ఆవిడ అన్న మాట మళ్లీ ఒకసారి చదువుకోండి. గది బాగోలేదన్న సంగతి ఆవిడ కాదనలేదు. మీరు గది మార్చారని కూడా కోప్పడలేదు. ఆవిడ అడిగిన ప్రశ్న ఒక్కటే, దానికి ఇంతవరకు మీరు జవాబు చెప్పలేదు.

మన పెళ్లిళ్లలో బంధువులు అలగడం కొత్తేం కాదు. కాఫీ అందలేదని, బొట్టు పెట్టి పిలవలేదని, చీర నాసిరకం పెట్టారని అలిగి వెళ్లిపోయినవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. అందుకే ఆడపిల్ల తల్లికి ఆ రోజంతా ఎవరి ముఖం ముడుచుకుందా అనే దిగులు. ఇప్పుడు ఆవిడ వైపు నుంచి ఆ రాత్రి చూడండి. మీకిచ్చిన గది ఖాళీగా ఉంది. ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తడం లేదు. అక్కడ జీలకర్ర బెల్లం పెడుతున్నారు, కూతురి పక్కన ఉండాల్సిన మనిషి లేదు. తెల్లారాక వచ్చి మీవారు టిఫిన్ల దగ్గర ఆ మాటన్నారు. వీటన్నిటినీ కలుపుకుంటే ఆవిడకు తోచేది ఒకటే. వీళ్లు అలిగి రాలేదు, పిల్ల ముహూర్తం కన్నా గది ఎక్కువైంది.

మీరు నిద్రపోయారు. అలిగి రాకపోవడం వేరు, ఒళ్లు తెలియకుండా నిద్రపట్టి రాలేకపోవడం వేరు. మొదటిది మనసులో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. రెండోదాన్ని పది రోజులు తిట్టుకుని వదిలేస్తారు. అలారం పెట్టుకున్న సంగతి, ఫోన్ సైలెంట్‌లో ఉన్న సంగతి పిన్నికి చెప్పినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. హోటల్ గొడవలో పడి అసలు సంగతి చెప్పడమే మర్చిపోయినట్టున్నారు.

ఇక్కడ ఒక చిక్కుంది. "వెళ్లకపోతే ఏమవుతుందిలే" అని మీవారు అన్న మాట మీరు దాచకుండా రాశారు. అంటే ఆయన వరకు కొంత అలక ఉంది. కాబట్టి "మేం అలగలేదు పిన్నీ" అని ఇద్దరి తరఫునా చెప్పకండి, అది నిలబడదు. మీ వరకు మీరు చెప్పండి. ఆయన సంగతి ఆయన చూసుకుంటారు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

క్షమాపణ చెబితే తప్పంతా ఒప్పుకున్నట్టేగా అన్నారు. దేనికి చెబుతున్నారో తెలిస్తే ఆ భయం ఉండదు. గది మార్చినందుకు మీరు ఎవరికీ క్షమాపణ చెప్పనక్కర్లేదు. మే నెల విజయవాడ ఉక్కలో, కరెంటు లేని గదిలో ఆ వయసు మనిషినీ చిన్నపిల్లాణ్నీ ఉంచలేక మార్చారు, సబబుగానే ఉంది. మార్చాక ఒక్కరికి ఫోన్ చేసి "ఫలానా చోట ఉన్నాం, ముహూర్తానికి మమ్మల్ని లేపండి" అని చెప్పకపోవడం, పక్కనే ఉంటానని మాటిచ్చి లేకపోవడం, ఈ రెండిటికే మీ క్షమాపణ. ఆ మాట చెప్పేటప్పుడు ఏసీ, లిఫ్టు, బకెట్ ఎత్తకండి. గది ఊసు ఆవిడే ఎత్తితే అప్పుడు చెప్పండి, నెమ్మదిగా.

ఎలా చెప్పాలన్నది మీరే తేల్చుకోవాలి. ఫోన్ చేస్తే ఈ రోజే పని అయిపోతుంది. కానీ ఫోన్లో పెద్దవాళ్లు "ఆఁ, ఫర్వాలేదులే, పిల్లలు బాగున్నారా" అని పక్కకు తప్పుకుంటారు. సమసిపోయిందని మీరు అనుకుంటారు, అక్కడ అలాగే ఉంటుంది. వాయిస్ మెసేజ్ మాత్రం వద్దు. అది మీ అమ్మ దగ్గర్నుంచి మేనత్త దాకా అందరి ఫోన్లలో తిరుగుతుంది. వెళ్లడం అన్నిటికన్నా మంచిదని నా అభిప్రాయం, అందుకు సమయం కూడా కలిసొస్తోంది. ఆషాఢంలో మీ చెల్లెలు పుట్టింటికి వస్తుంది. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారికి సారె పెట్టడానికి ఆ నెలంతా ఆడవాళ్లు గుంపులు గుంపులుగా వెళ్తుంటారు. మీరూ ఒక పూట ఆ పేరుతో వెళ్లి, పిన్నినీ చెల్లెల్నీ తీసుకుని కొండకు వెళ్లి రావచ్చు. అసలు క్షమాపణ చెల్లెలికే చెప్పాలి కదా. ఈ గొడవలో ఆ పిల్ల ఏమనుకుందో ఇంతవరకు ఎవరూ అడిగినట్టు లేదు. కాకపోతే వెళ్తే బాబాయి ఎదురుపడతారు, మీవారు ఎందుకు రాలేదనే ప్రశ్న వస్తుంది. అందుకు సిద్ధపడే వెళ్లండి.

మీ అమ్మను మాత్రం మధ్యవర్తిగా వాడకండి. ఆవిడ ఇటు మాట అటు చెప్పేటప్పుడు రెండు వైపులా ఒక్కో కన్నీటి బొట్టు కలుస్తుంది.

బాబాయి, రేటు సంగతి. మీరు రాసినదాంట్లో ఒక చిన్న వివరం దగ్గర ఆగాను. గోడకు ఏసీ ఉండి, రిమోట్ లేకపోవడం. మన ఊళ్ల లాడ్జీల్లో ఇది మామూలు ఏర్పాటే. ఏసీ ఉన్న గదినే రిమోట్ ఇవ్వకుండా నాన్ ఏసీ రేటుకు ఇస్తారు. కాబట్టి ఆ కుర్రాడు గాల్లోంచి పుట్టించి చెప్పి ఉండకపోవచ్చు. అంతమాత్రాన మీకు కావాలని చవక గది ఇచ్చారని తేలిపోదు. పెళ్లికి గదులు మాట్లాడేటప్పుడు సగం ఏసీ, సగం నాన్ ఏసీ అని కలిపి మాట్లాడుకోవడం కద్దు. తాళాలు పంచే పని ఇంట్లో ఏ కుర్రాడికో అప్పజెబుతారు. పొద్దున్నే గుంటూరు, తెనాలి నుంచి వచ్చినవాళ్లు చల్లటి గదులు చూసుకుని దిగిపోతారు. సాయంత్రం రైలుకు వచ్చినవాళ్లకు మిగిలినవే గతి. మీ విషయంలో ఇదే జరిగి ఉంటే అక్కడ అవమానం లేదు, ఆలస్యం ఉంది.

ఇంకో అవకాశం కూడా ఉంది. బాబాయి పన్నెండింటికీ ఏసీ డబ్బు కట్టి ఉండొచ్చు. ముహూర్తాల రోజుల్లో గవర్నర్‌పేట, గాంధీనగర్ హోటళ్ల మీద ఎంత ఒత్తిడి ఉంటుందో మీకు తెలియంది కాదు. ఆషాఢం, మూఢాలు పోగా మిగిలిన తేదీల్లోనే పెళ్లిళ్లన్నీ, ఒకే హోటల్లో రెండు మూడు పెళ్లిళ్ల బంధువులు. అప్పటికప్పుడు ఎక్కువ ఇచ్చేవాళ్లకు ఏసీ గదులు అమ్ముకుని, స్నేహితుడే కదా సర్దుకుంటాడులే అని మీ బాబాయిని మోసం చేసి ఉండొచ్చు. అదే నిజమైతే మీరూ ఆయనా ఒకే వైపు ఉన్నారు.

లేదా ఆయన నిజంగానే డబ్బు చూసుకుని నాన్ ఏసీ మాట్లాడారనుకుందాం. ఆడపిల్ల పెళ్లి చేసిన ఇంట్లో ఏ ఖర్చు దగ్గర చెయ్యి వెనక్కి తీశారో మనం లెక్కగట్టకూడదు. విడిది దగ్గర మగపెళ్లివారికి లోటు రాకూడదని ముందు అక్కడే ఖర్చు పెడతారు. సొంతవాళ్లు సర్దుకుంటారులే అనుకుంటారు. సొంతవాళ్లు కాబట్టే అలా అనుకున్నారు. ఇది న్యాయమా అంటే, మోకాళ్ల నొప్పులున్న మనిషికి మూడో అంతస్తు ఇవ్వడం న్యాయం కాదు. కానీ మీతో అత్తగారు వస్తున్నారనీ, ఆవిడకు మెట్లు కష్టమనీ ఎవరికైనా ముందే చెప్పారా?

ఆయన్ని అడగాలనుకుంటే "ఎంత రేటుకు మాట్లాడావు బాబాయ్?" అని అడగకండి. ఏ జవాబు చెప్పినా ఆయన తలదించుకోవాల్సిన ప్రశ్న అది. "మాది నాన్ ఏసీ గది అని రిసెప్షన్‌లో అన్నారు. నీ దగ్గర ఏసీ డబ్బు తీసుకుని ఉంటారేమో, ఒకసారి బిల్లు చూసుకో" అనండి. మోసపోయి ఉంటే ఆయనే లేచి హోటల్‌కు వెళ్తారు. తనే తగ్గించి మాట్లాడి ఉంటే "సరే చూస్తాలే" అంటారు, మీరూ అక్కడితో వదిలేయొచ్చు. అసలు అడగకుండా ఉండిపోవడం కూడా ఒక దారే. అలా ఉండాలనుకుంటే మాత్రం ఇంట్లో కూడా "మనకు చవక గది ఇచ్చారు" అనే మాట మానుకోవాలి. తేల్చుకోని అనుమానాన్ని నిజం లెక్కన తిప్పడం బాగుండదు.

డబ్బు వసూలు సంగతి చూద్దాం. చట్టం మీకు అడ్డు చెప్పదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం డబ్బు కట్టినవాళ్లే కాదు, వాళ్ల ఆమోదంతో ఆ సేవ వాడుకున్నవాళ్లూ వినియోగదారులే. అంటే గదికి బాబాయి కట్టినా, అందులో దిగిన మీరూ ఫిర్యాదు చేయవచ్చు. సంఘటన జరిగిన రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, అదీ మీరుండే విశాఖలోనే. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. అంతదూరం వద్దనుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తే, వాళ్లు హోటల్‌ను జవాబు అడుగుతారు.

అయితే బిల్లు బాబాయి పేరు మీద ఉంటుంది. అసలు బిల్లు తీసుకున్నారో లేదో, స్నేహితుడి మీద నమ్మకంతో చేతికి డబ్బిచ్చి ఊరుకున్నారో. ఏ రకం గదికి ఎంత మాట్లాడుకున్నారన్నది చెప్పాల్సింది ఆయనే. మీరు కేసు అనగానే హోటలాయన ఫోన్ చేసేది మీకు కాదు, ఆయనకు. చెల్లెలి పెళ్లి పారాణి ఆరకముందే ఆమె తండ్రిని సాక్షిగా నిలబెట్టినట్టవుతుంది. తొమ్మిది వేలు వెనక్కి వస్తాయో రావో చెప్పలేను, ఈ ఖర్చు మాత్రం ఖాయం. బాబాయి తనంతట తాను "నేనూ మోసపోయాను, పద అడుగుదాం" అంటే సంగతి వేరు. అప్పుడు మీ ఫొటోలు, రెండో హోటల్ బిల్లు ఆయనకు పంపండి, ముందు నడిచేది ఆయనవ్వాలి. చదివింపుల్లోంచి ఆ తొమ్మిది వేలూ తగ్గించుకోవాల్సిందని మీవారు జోక్ చేశారని రాశారు. ఆ జోక్ మీ ఇంటి గడప దాటకపోతే మంచిది.

రివ్యూ పెట్టొద్దని నేను అనను. పనిచేయని లిఫ్టు గురించి ముందే తెలిసి ఉంటే మీ అత్తగారు అన్ని మెట్లు ఎక్కేవారు కాదు, రేపు ఇంకొకరి అత్తగారు ఎక్కకూడదు. కానీ ఇప్పుడే పెడితే ఆ తేదీ, ఆ అంతస్తు చూసి హోటలాయనకు ఎవరో తెలియకపోదు. బాబాయికి ఫోన్ వెళ్తుంది, టిఫిన్ల దగ్గర అన్న మాట ఈసారి ఊరంతా చదువుతుంది. పిన్నితో మాట్లాడాక, బాబాయికి ఒక మాట చెప్పి పెట్టండి. నెలాగితే లిఫ్టు కథ పాతబడిపోదు. రాసేటప్పుడు లిఫ్టు, నీళ్లు, జనరేటర్ రాయండి. పెళ్లి, గదులు తీసిచ్చినవాళ్లు, మాట్లాడుకున్న రేటు రాయకండి. ఏసీ సంగతి తేలేదాకా ఏసీ కూడా రాయకండి. నాన్ ఏసీకి డబ్బిచ్చి ఏసీ లేదని రాస్తే మీ మాటే తేలిపోతుంది.

ఒక్కదానికి మాత్రం నెల ఆగమనను. మెట్ల మీద పరుపులు. మీరు దీన్ని చిరాకుల జాబితాలో కలిపి రాశారు, నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో భయం వేసింది ఇక్కడే. లిఫ్టు పనిచేయని మూడంతస్తుల హోటల్, పెళ్లి బంధువులతో నిండిపోయి ఉంది, దిగే దారిలో సగం దూది పరుపులు. 2020 ఆగస్టు 9న విజయవాడలోనే కొవిడ్ బాధితులను ఉంచిన ఒక హోటల్లో తెల్లవారుజామున మంటలు లేచి పదిమంది చనిపోయారు. ఆ ఊళ్లో హోటల్ నడిపేవాళ్లు ఎవరూ దాన్ని మర్చిపోకూడదు. ముందు బాబాయి ద్వారా ఆయన స్నేహితుడికి చెప్పించండి: "మెట్లు ఖాళీ చేయించమను, ఎవరైనా అడిగితే నీకే ఇబ్బంది" అని స్నేహంగానే. దులపరించుకుంటే అగ్నిమాపక శాఖకు ఫిర్యాదు చేయండి. దీనివల్ల బాబాయికి మనస్తాపం కలిగినా సరే, అది చేయాల్సిన పనే.

మీవారి దగ్గరికి వస్తాను. ఆయన కోపంలో సగం నాకు నచ్చింది. తల్లి మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కుతుంటే, పిల్లాడు చెమటకు ఏడుస్తుంటే చూస్తూ ఊరుకోలేదు. డబ్బుకు వెనకాడకుండా వాళ్లకు చల్లటి గది చూశారు. మిగతా సగం మాత్రం అల్లుడి కోపం. మగపెళ్లివారికి ఇచ్చిన హోటల్‌తో తన గదిని పోల్చుకోవడం దగ్గర మొదలై, నలుగురు తింటున్న చోట మామగారి వరస మనిషిని చిన్నబుచ్చడం దాకా వెళ్లింది. గది ఎంత బాగోలేకపోయినా, ఆడపిల్ల తండ్రిని పెళ్లి తెల్లవారి ఆ మాట అనడం సబబు కాదు.

ఆ మాటకు క్షమాపణ ఆయనే చెప్పాలి. మీరు ఆయన తరఫున "మా ఆయన కూడా బాధపడుతున్నారు బాబాయ్" అని కల్పించి చెప్పారంటే, రేపు ఎక్కడో ఎదురుపడ్డప్పుడు ఆయన ముఖమే అబద్ధమని చెప్పేస్తుంది. ఆయనతో మాట్లాడేటప్పుడు "మీవల్లే ఇదంతా" అని మొదలుపెట్టకండి. ఆయన చేసిన మంచి పని ముందు ఒప్పుకోండి. తర్వాత అడగండి: "గది గురించి మీరన్నది తప్పు కాదు, అక్కడ అనడం ఒక్కటీ తప్పు. ఆ ఒక్కదానికి బాబాయితో మాట్లాడతారా?" మాట్లాడతానంటే రెండు నిమిషాల ఫోన్ చాలు. ససేమిరా అంటే బలవంతం చేయకండి, పిల్లల ముందు వాదన అసలే వద్దు. అప్పుడు మీ మటుకు మీరు విజయవాడ వెళ్లిరండి. మీవారి గురించి అడిగితే "ఆయనకింకా కోపం తగ్గలేదు బాబాయ్, తగ్గాక ఆయనే చేస్తారు" అని ఉన్నమాట చెప్పండి. పెద్దాయనకు ఆ మాట కష్టంగానే ఉంటుంది, కల్పించి చెప్పినదాని కన్నా నయం.

ఇంకో సంగతి. ఇంత గొడవలో మీ అత్తగారు ఒక్క మాటా అనలేదని రాశారు. అనకపోతే ఏమీ లేదనుకోకండి. తనవల్లే కోడలి పుట్టింటివాళ్లతో చెడిందని ఆవిడ లోలోపల కుమిలిపోతూ ఉండొచ్చు. ఆవిణ్ని కూర్చోబెట్టి అడగండి. మీ పిన్నికి ఆవిడే ఒకసారి ఫోన్ చేసి "నా మోకాళ్ల కోసం పిల్లలు గది మార్చారమ్మా" అంటే మీరెన్ని చెప్పినా కలగని నమ్మకం కలుగుతుంది. కాకపోతే ఆవిడకై ఆవిడ చేస్తానంటేనే. మీరు మాటలు నేర్పి చేయించకండి.

ఇక ముందు పెళ్లిళ్లకు వెళ్లేటప్పుడు గది మీరే తీసుకుంటే అందరికీ తేలిక. "అత్తయ్యకు మెట్లు కష్టం, మేం వేరే చూసుకుంటున్నాం" అని పిలుపు అందిన రోజే చెబితే ఎవరికీ కష్టం కలగదు, ఆఖరి రాత్రి చెబితేనే పట్టింపు. తీసుకునే ముందు ఫోన్లో లిఫ్టు ఉందా, జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా, ఖాళీ చేయడం 24 గంటల లెక్కా మధ్యాహ్నం పన్నెండు లెక్కా అడగండి. రాత్రి ముహూర్తాలకు ఆ చివరిది చాలా ముఖ్యం. తెల్లవారి వచ్చి పడుకున్నవాళ్లను పన్నెండింటికి తలుపు కొట్టి లేపేస్తారు.

శ్రావణం రాగానే కొత్త దంపతులను విశాఖ పిలిచి, భోజనం పెట్టి, బట్టలు పెట్టండి. పిన్నినీ బాబాయినీ కూడా రమ్మనండి. వాళ్లందరి పడకా మీ ఇంట్లోనే, బీచ్ రోడ్డులో మంచి హోటల్ ఉందని మీవారు ఎంత చెప్పినా సరే.